తీగ మీద ఎవరున్నారో

పెట్రోల్ వాసన తగిలితే చాలు, నాకు యాదమ్మ ఆంటీ గుర్తొస్తుంది. నిన్న నార్సింగిలో మా ఇంటి ముందు ఎలక్ట్రీషియన్ చిన్న జనరేటర్ దింపుతుంటే అదే వాసన. గాలివానకు పొద్దున పోయిన కరెంటు మధ్యాహ్నమైనా రాలేదు. వరస మీటింగులతో నా ఒంట్లో ఓపిక లేదు. అతను రెండు కొసలకూ ప్లగ్గులున్న వైరు తీసి, “ఒక కొస జనరేటర్ల, ఇంకో కొస గీజర్ సాకెట్ల పెడ్త మేడం, ఇల్లంతా కరెంటొస్తది” అన్నాడు. వద్దన్నాను. నా గొంతు నాకే ఆంటీ గొంతులా వినిపించింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, కడప నుంచి వచ్చి, కొత్తగూడలో ఆమె నడిపే లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. కూరలో ఉప్పు తక్కువైందంటే “ఏస్కో బిడ్డా, చేతుల్లేవా?” అనే రకం. ఆమెతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు. మా అమ్మాయిలకో పిచ్చి అలవాటుండేది. కరెంటు పోగానే, మనకొక్కళ్లకేనా, వీధంతా పోయిందా అని ఎవరో ఒకరు మెట్ల కింద మెయిన్ స్విచ్ ఆపి, వేసి చూసేవాళ్లు. ఒకరు చూసి వెళ్లాక ఇంకొకరు.

ఒక వేసవి సాయంత్రం ఇలాగే గాలివానకు వీధి చివర తీగ తెగింది. వాన వెలిసింది కానీ కరెంటు రాలేదు. కాసేపట్లో నాకు క్లయింట్ ఇంటర్వ్యూ. నెలల తరబడి ప్రాజెక్టు లేకుండా ఉన్నాను, ఇదీ పోతే ఉద్యోగమే ఉండదని మేనేజరు మొహం మీదే చెప్పాడు. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. హాస్టల్ జనరేటర్ కలపడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ మల్లేశ్ కూడా అలాంటి వైరే తెచ్చి, మెయిన్ ఆపాడు.

“మన కరెంటు బయటికి పోదా?” అని ఆంటీ అడిగింది.

“మెయిన్ బంద్ జేసిన గద, పోదమ్మా. ఫికర్ జెయ్యకు.”

“ఎవలన్న మళ్ల ఏస్తే?”

“ఏస్తే తీగలకు పోతది. ఆడ పనిచేసెటోనికి షాక్ కొడ్తది. ఎవలేస్తరు?”

“నా ఉద్యోగం పోతుంది ఆంటీ, దండం పెడతా” అన్నాను ఏడుపు గొంతుతో. సరిగ్గా అప్పుడే పై అంతస్తు నుంచి నా రూమ్మేట్ స్వప్న తడి జుట్టుతో దిగింది. మమ్మల్ని చూడనైనా లేదు. తిన్నగా వెళ్లి మెయిన్ టక్కున వేసి, “అబ్బా, ఇంకా రాలే” అనుకుంటూ వెళ్లిపోయింది.

“చూసినవా బిడ్డా? ఇంతమంది చేతులు నేనేడ పట్టుకోను?” అంది ఆంటీ. మల్లేశ్ వైరు చుట్టేశాడు.

జనరేటర్‌ను బయట వాకిట్లో పెట్టించి, దానికే ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి నా ల్యాప్‌టాప్‌కు మాత్రం కరెంటు ఇప్పించింది. వైరు పొట్టిది. ఆ మోత పక్కనే కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చాను. వాళ్లడిగింది నాకు వినపడలేదు, నేను చెప్పింది వాళ్లకు అర్థం కాలేదు. నెల తిరక్కుండా ఉద్యోగం ఊడింది.

ఆంటీ మీద ఎంత కోపమొచ్చిందో! మాట్లాడటం మానేశాను. ఆమె బతిమాలనూ లేదు, సంజాయిషీ చెప్పనూ లేదు. ఆ వారమే మల్లేశ్‌తో చేంజ్ఓవర్ స్విచ్ పెట్టించింది. అదుంటే బయటి కరెంటో జనరేటరో ఒక్కటే ఇంట్లోకొస్తుంది, రెండూ కలవవు. నేను పని వెతుక్కుంటూ తిరిగి ఎంత ఆలస్యంగా వచ్చినా నా కంచం మీద మూత పెట్టి ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక, “ఆ రోజు తీగ మీద నిజంగా ఎవరైనా ఉన్నారా ఆంటీ?” అని అడిగాను.

“ఏమో, నేను చూడలే” అంది చిక్కుడుకాయలు తుంచుతూ. “ఉన్నడో లేడో తెల్వకనే గద వద్దన్న.”

ఆంటీ పోయి చాలా కాలమైంది. నా కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, ఆ ఉద్యోగం నాకు అప్పుడంత అవసరం. కానీ కరెంటు పోయి చెమటలు కారుతున్నప్పుడల్లా, ఎక్కడో స్తంభం మీద మొహం తెలియని మనిషొకడు నాకు కనిపిస్తాడు. ఆ సాయంత్రం నిజంగా ఎవరైనా ఎక్కి ఉంటే, పని ముగించుకుని దిగి, ఇంటికెళ్లి, వేళ కాని వేళ అయిందని విసుక్కుంటూ అన్నం తిని ఉంటాడు. యాదమ్మ అనే మనిషొకతె ఉందని అతనికి తెలియనే తెలియదు.