బాయి తల్లికి పోసిన బోర్డో వైను

మొన్న హైదరాబాదులో సరుకులకని వెళ్ళిన పెద్ద దుకాణంలో ఒక ఎర్ర వైను సీసా మీద బోర్డో అన్న పేరు చూసి, చేతిలో కందిపప్పు ప్యాకెట్టుతో అక్కడే నిలబడిపోయాను. మావారు అనుమానంగా చూశారు. తొంభైల మొదట్లో అలాంటి సీసా మూలంగా గోదావరిఖనిలో మా కాకకూ చిన్నమ్మకూ రెండు రోజులు మాటల్లేవని ఆయనకేం తెలుసు?

కాక బొగ్గుబాయిలో ఫిట్టరు. కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన ఫ్రాన్సు ఇంజనీరు దగ్గర ఏడాది పనిచేశాడు. తిరిగి వెళ్ళే ముందు ఆయన కాక చేతిలో ఒక సీసా పెట్టాడు. వాళ్ళది బోర్డో వైపట. నది ఒడ్డున గులకరాళ్ళ నేల, ఇంకే పంటా సరిగా రాని చోట తాతలనాటి ద్రాక్షతోట, ఆ వైను స్వయంగా వాళ్ళ నాన్న చేసిందట. ఆదివారం కలిసి తాగుదామన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. మా చిన్నమ్మ కాలనీ ఆడవాళ్ళను వెంటేసుకుని సారా దుకాణం మూయించిన మనిషి. ఇక ముట్టనని కాక ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి అప్పటికి ఎనిమిది నెలలు.

"సారనో ద్రాక్షరసమో, నా గడప దాటి లోపలికి రావద్దు," అంది చిన్నమ్మ.

"తాగకుంటె ఆయన మొఖం చిన్నబోతది, తాగితె నా ఒట్టు పోతది. ఎట్ల చెయ్యాలె?" అని, సెలవులకు వాళ్ళింటికి వచ్చిన నా దగ్గర కాక వాపోయాడు. సీసా బయట గోడ మీదే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున కాక అందరినీ బాయి దగ్గరి మైసమ్మ గద్దె కాడికి తీసుకెళ్ళాడు, ఇంజనీరుతో సహా. అక్కడ దండం పెట్టనిదే ఎవరూ బాయిలోకి దిగరు. ఏ కల్లు తెచ్చినా మొదట ఆ తల్లి పేర నేల మీద సాక పోయాల్సిందే. కాక బిరడాలోకి మర దింపి, పటకారుతో లాగి, వైనును గద్దె ముందు నేల మీద ధారగా పోయడం మొదలుపెట్టాడు. తండ్రి కష్టం మట్టిపాలవుతుంటే ఇంజనీరు ముఖం పాలిపోయింది. నాకు ప్రాణం చివుక్కుమంది. కాక ఆగలేదు. "సార్, ఫస్ట్ మదర్. షిఫ్టు డౌన్, షిఫ్టు అప్. ఆల్ మెన్ అప్," అన్నాడు తనకొచ్చిన ఇంగ్లీషులో. ఆ ఏడాదంతా కాకతో పాటు బాయిలోకి దిగి, క్షేమంగా పైకి వచ్చిన మనిషి ఆయన. సీసా అందుకుని, మిగిలింది తనే చివరి బొట్టు దాకా పోశాడు.

"ఇంటికి రమ్మను, కోడికూర వండిన," అంది చిన్నమ్మ కాకతో. రెండు రోజుల తర్వాత అదే మొదటి మాట. ఖాళీ సీసాను తనే గడప దాటించి లోపలికి తెచ్చింది.

వైను ఏళ్ళు గడిచేకొద్దీ బాగుంటుందని ఆ రోజు భోజనాల దగ్గర ఇంజనీరు చెప్పాడు. దాని రుచి మాలో ఎవరికీ తెలియదు. ఆ బాయి మూతపడింది, చిన్నమ్మ కూడా కాక కంటే ముందే పోయింది. కాక ఒట్టు మాత్రం ఆమె పోయాక కూడా, ఆయన ఉన్నన్నాళ్ళూ నిలిచింది.