దమయంతి పిన్ని చూసిన రెండు కాలేజీలు

పలాసలో రైలు దిగగానే జీడిగింజలు కాలుస్తున్న ఘాటు వాసన ముక్కుకు తగులుతుంది. వెంటనే మా పక్కింటి దమయంతి పిన్ని గుర్తొస్తుంది. ఆమెది ఇచ్ఛాపురం దగ్గర పల్లె. ఇక్కడి జీడి ఫ్యాక్టరీలో పప్పును సైజుల వారీగా ఏరేది. తోటి పనివాళ్లలో సగంమంది ఒడియావాళ్లే కాబట్టి, తెలుగులో మొదలుపెట్టిన వాక్యాన్ని ఒడియాలో ముగించడం ఆమెకు అలవాటు. సెలవుల్లో ఆమె అరుగు మీద కూర్చుని ఆ మాటలన్నీ నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి అడిగాను.

"పిన్నీ, ఒడియాలో 'సే గొలా' అంటే ఎల్లాడనా, ఎల్లిందనా?"

"రెండూనూ."

"మరి ఎలగ తెలుత్తాది?"

"ఎవలెల్లారో సూసుకోవాల" అని పనాపి మరీ నవ్వింది. ఇంకొకరైతే పుస్తకం తీసి చదువుకోమని కసిరేవారు.

ఇంటర్ అయ్యాక విశాఖలో రెండు చోట్ల సీటొచ్చింది. పేరున్న కాలేజీలో ఫ్రెంచి. ఎవరూ పెద్దగా వినని కాలేజీలో భాషాశాస్త్రం. నాన్నకు మొదటిదే నచ్చింది. "ఆ రెండోది సదివి ఏటి సేత్తావు?" అన్నారు. చేరడానికి రెండు రోజులే గడువు. నాన్నకు డ్యూటీ. పిన్నే సెలవు పెట్టింది. "సూడకుండా ఎలగ సెప్తాం? సూసొత్తాం" అంది.

మొదటిది అద్దాల భవనం. లెక్చరర్ గారు నా ఊరూ పేరూ అడిగి, జవాబు విని నవ్వారు. "ఫ్రెంచి తర్వాత నేర్చుకుందువు గాని, ముందు ఈ యాస వదిలించుకోవాలమ్మా." ఆ పైన నేను నోరు విప్పలేదు.

రెండోచోట గోడల సున్నం రాలుతోంది. అక్కడి మేడమ్, పిన్ని తెలుగూ ఒడియా కలిపి అన్న మాట వింటూనే కుర్చీ దగ్గరకు లాక్కుని, "ఆ మాట మళ్లీ అనండి" అన్నారు.

"తప్పన్నానేటమ్మా?" పిన్ని బెదిరింది.

"తప్పు కాదు. నేనెప్పుడూ వినలేదు."

గంటసేపు కూర్చున్నాం. పిన్ని నా 'సే గొలా' కథ కూడా చెప్పేసింది. మేడమ్ నా వైపు తిరిగి, "మా పిల్లలు ఈ ప్రశ్న రెండో ఏడాదిలో అడుగుతారు" అన్నారు. నా ముఖం వెలిగిపోయి ఉంటుంది.

బస్టాపులో పిన్నిని అడిగాను, ఎక్కడ చేరమంటావని.

"అక్కడ నువ్వు నోరు మూసీసావు. ఇక్కడ నాను కూడా మాటాడీసాను. ఇంకేటి సూడాల?"

నాన్నకు తనే ఫోన్ చేసింది. "బావా, పిల్ల ఈ రెండోదాన్లోనే సదువుతాది." నాన్న, "నువ్వు సూసావు కదా, సరే" అన్నారు. నేను అక్కడే, అందరూ చూస్తుండగా, పిన్నిని వాటేసుకున్నాను.

ఇప్పుడు నేనూ భాషాశాస్త్రం పాఠాలు చెబుతున్నాను. మా వైపు సోంపేట, కవిటి నుంచి వచ్చే పిల్లలు మొదటి రోజు మాటలు ఏరుకుని, భయం భయంగా మాట్లాడతారు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమని చెప్పి ఊరుకుంటాను, తొందరపెట్టను. కాసేపటికి వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు, "ఏటి సెప్పమంటారు మేడమ్?" అంటారు. నా క్లాసు అక్కడ మొదలవుతుంది.