తుంగతుర్తి మామకు వినబడిన తిట్లు

ఫోన్‌లో ఆట ఆడటానికి కూడా ఒక మర్యాద ఉంటుందని ఆ రోజుల్లో మాకెవరూ చెప్పలేదు. పెద్దలకు నమస్కారం పెట్టడం నేర్పారు, బస్సులో ముసలివాళ్లకు సీటివ్వడం నేర్పారు. మన జట్టువాడు తుపాకీ పట్టుకుని ఖాళీ గోడకేసి చూస్తూ నిలబడితే అతన్ని ఏమనాలో మాత్రం ఏ సారూ నేర్పలేదు. అందుకని ఎవరికి తోచింది వాళ్లు అనేవాళ్లం.

అప్పుడు నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరిన లెక్కల టీచర్ని. సాయంత్రం ఇంటికి రాగానే తలుపేసుకుని ఫోన్ తీసేదాన్ని. (పిల్లల పేపర్లు దిద్దుతున్నానని మా అమ్మ చుట్టాలకు చెప్పేది. నేను కాదనలేదు.) మా జట్టుకు కెప్టెన్ కోదాడలో ఉండే మా మేనమామ కొడుకు, అంటే బావ. ఇంకొకరు బావతో డిగ్రీ చదివిన స్నేహితుడు. మిర్యాలగూడలో రైసు మిల్లులో సూపర్‌వైజరు కాబట్టి నాకు మిల్లన్న. నాలుగో స్థానంలో ఊరూ పేరూ తెలియని ఎవరో ఒకరు వచ్చి చేరేవారు, బావ నోటికి జడిసి మర్నాడు కనిపించేవారు కాదు. మామూలుగా బావ ఎంత మెత్తని మనిషంటే, హోటల్లో ఉప్మాలో ఉప్పు లేకపోయినా అడగడు. ఆటలోకి దిగితే మాత్రం మనిషి మారిపోయేవాడు.

ఒక సాయంత్రం మిల్లన్న తుంగతుర్తిలో అత్తగారింటి నుంచి ఆడుతున్నాడు. పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు. వాకిట్లో మంచం మీద కూర్చున్నట్టున్నాడు, మధ్యమధ్య గొర్రెల అరుపులు మాక్కూడా వినబడుతున్నాయి. బావను శత్రువులు చుట్టుముడితే మిల్లన్న ఒక ఇంట్లో దాక్కున్నాడు. బావ అందుకున్నాడు. “ఏరా, అసలు నువ్వు మనిషివేనా? ఒక్క పనైనా చేతనవుద్దా నీకు? నిన్ను నమ్ముకున్నోడు మునిగినట్టే!”

సరిగ్గా అంతకు ముందే మిల్లన్న ఇయర్‌ఫోన్స్ చార్జింగ్ అయిపోయిందట. ఆ మాటలన్నీ వాకిలంతా వినబడ్డాయి. అవతల ఒక బొంగురు గొంతు, “అల్లుడా, ఎవలయ్యా ఆయన? మీ ఓనరా?” అంది. మిల్లన్న నీళ్లు నమిలి, “ఆఁ... అవును మామా” అన్నాడు. మరుక్షణం ఫోన్ చేతులు మారింది.

“సార్, నమస్తే. నేను పిల్లనిచ్చిన మామను. మావోడు తప్పు జేస్తే పక్కకు పిలిసి సెప్పున్రి. గిట్ల అందరి ముందల ఇజ్జత్ తీస్తే ఎట్ల సార్? పెద్దోళ్లు, జర మీరే ఆలోచన జెయ్యున్రి.”

“అలాగేనండీ... మావయ్య గారూ” అన్నాడు బావ. ఆ ‘మావయ్య గారూ’ పూర్తయ్యేలోపు శత్రువులు అతన్ని కాల్చేశారు. నేను దిండులో మొహం దాచుకుని నవ్వాను.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. మర్నాటి నుంచి మిల్లన్న ఆటకు రాలేదు, ఫోనూ ఎత్తలేదు. మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగే ఈ ఆట పోటీకి మా జట్టు పేరిచ్చాం, అది దగ్గర పడుతోంది. పోటీ సంగతి పక్కన పెట్టినా, ఫోన్లో బావ గొంతు వింటే జాలేసింది. చివరికి ఒక ఆదివారం తను కోదాడ నుంచి, నేను సూర్యాపేట నుంచి బస్సెక్కి మిర్యాలగూడ చేరాం. మిల్లు ఎదురుగా టీ కొట్టు దగ్గరికి, జుట్టు నిండా తవుడుతో మిల్లన్న వచ్చాడు.

“సారీరా. ఆటలో ఏదో నోరు జారాను” అన్నాడు బావ.

మిల్లన్న గ్లాసు వంక చూస్తూ మెల్లగా చెప్పాడు. “ఆట రాదంటే నాకేం బాధ లేదురా. పొద్దంత మిల్లుల ఓనర్‌తోని మాటలు పడ్త. మీతోని గంటసేపు ఆడితె నేను గూడ ఒక మనిషినే అనిపిస్తుండె. మామ అడిగితె ఓనర్ అని ఎందుకన్ననో ఎరికేనా? నాకు గట్లనే ఇనబడ్డది.”

బావ తన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత, “ఇకనుంచి ఏదున్నా ఆట అయ్యాక నీ ఒక్కడికే ఫోన్ చేసి చెప్తాను” అన్నాడు. “చెప్పు. గానీ జర మనిషిలెక్క చెప్పు” అన్నాడు మిల్లన్న, అప్పుడు నవ్వి.

పోటీలో బావ మర్యాద మా కొంప ముంచింది. “ఒరేయ్ నాన్నా, నీకు వీలుంటే కొంచెం ఎడమపక్క కిటికీ వైపు...” వాక్యం ముగిసేలోపు అందరం చచ్చాం. మొదటి ఆటలోనే బయటికొచ్చి, రోడ్డు మీద నిలబడి కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుకున్నాం. క్రమంగా బావకు పద్ధతి కుదిరింది. ఆటలో ‘ఆగు’, ‘ఎడమకు’, అంతే. తప్పులు తర్వాత, విడిగా, ఫోన్లో.

నాకు మాత్రం ఆ ఫోన్ ఎప్పుడూ రాలేదు. అంటే నా ఆటలో వంక పెట్టడానికేమీ లేదన్నమాట! స్టాఫ్ రూములో కూడా ఆ గర్వంతోనే తిరిగాను. ఈమధ్య మిల్లన్న కూతురి పుట్టినరోజున అందరం కలిసినప్పుడు ఈ మాటే అన్నాను. బావ మిల్లన్న వైపు చూశాడు. మిల్లన్న కేకు వైపు చూశాడు.

“నీకా? చెప్పడం మొదలెడితే ఆదివారమంతా చాలదే. ఎక్కడ మొదలెట్టాలో తెలీక వదిలేశాం” అన్నాడు బావ.

ఫోన్ మోగనందుకే మురిసిపోయిన ఆ కొత్త టీచరమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడమే మంచిదైంది. ఎంత సంతోషంగా ఆడేదో, పిచ్చిది.