ఆవిరి గదిలో చెప్పిన మాట

శనివారం మధ్యాహ్నం ఇర్యా పెరట్లో పొగగొట్టం నుంచి బర్చ్ చెట్టు కట్టెల పొగ లేచిందంటే, మా పేటలో కొందరు ఆడవాళ్ళం తువాళ్ళు భుజాన వేసుకుని బయల్దేరేవాళ్ళం. కొందరం అంటే కేన్సర్ వచ్చి, కోతలు పడి, మందులు ఎక్కించుకుని, దేవుడి దయవల్ల మిగిలినవాళ్ళం.

మా తాతలు ఫిన్లాండ్ నుంచి ఈ సుపీరియర్ సరస్సు ఒడ్డుకు చెట్లు కొట్టే పనికి వచ్చినప్పుడు ముందు కట్టుకున్నది సౌనా. ఇల్లు ఆ తర్వాతే. చిన్న చెక్క గది, మెట్లలా బల్లలు, మూలన కాలే రాళ్ళు. రాళ్ళ మీద నీళ్ళు చల్లితే ఆవిరి లేస్తుంది. బట్టలు లేకుండా కూర్చుంటాం. మా అమ్మమ్మ అందులోకి చర్చిలోకి వెళ్ళినట్టే తల వంచి వెళ్ళేది. చిన్నప్పటి నుంచీ అక్కడ సిగ్గు ఎరగం. ఒక రొమ్ము పోయాక మాత్రం ఎరుగుతాం. ఆపరేషన్ అయ్యాక నేను సొంత చెల్లెలింటి సౌనాకు కూడా పోలేదు. ఇంట్లో అద్దానికి గుడ్డ కప్పి స్నానం చేసేదాన్ని.

అప్పుడు వచ్చింది ఇర్యా. కాగితం మిల్లు క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన మనిషి. పెద్ద గొంతు, పెద్ద చేతులు. నాకంటే చాలా ముందే ఆమెకు ఎడమ రొమ్ము తీసేశారు. గుమ్మంలోనే నిలబడి, "ఆయిలీ, నీకున్నదే నాకూ ఉంది, నాకు లేనిదే నీకూ లేదు. ఇంకెవరికని దాస్తావు? పద," అంది. ఏడుస్తూ నవ్వాను. నవ్వుతూనే వెళ్ళాను.

అలా ఒక్కొక్కరినీ పోగేసింది. చంకలో గడ్డలు తీసినవాళ్ళకు ఎక్కువ వేడి మంచిది కాదని నర్సు చెప్పిందని మంట తగ్గించింది. వాళ్ళను కింది బల్ల మీద కూర్చోబెట్టి, ఆ చేతికి చన్నీళ్ళ తువాలు చుట్టేది. చెయ్యి లేవనివాళ్ళకు వీపు తనే తోమేది. అందరం అయ్యాక వంటింట్లో కాఫీ, యాలకుల రొట్టె. తినాలనిపించనివాళ్ళ ముక్క మీద వెన్న కాస్త ఎక్కువ రాసి, మాటల్లో పెట్టి తినిపించేది.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. బల్ల మీద చెప్పుకున్నది ఆవిరితోనే పోవాలి. అందుకే అక్కడ ఎన్నో చెప్పుకున్నాం. మొగుడు పక్క గదిలోకి మారిన సంగతి, డాక్టరుకు కూడా చెప్పని భయాలు, దేవుడి మీద వచ్చిన కోపం. ఏదీ గడప దాటలేదు.

ఎల్వీ ఇర్యాకు బడి నాటి స్నేహితురాలు. ఆపరేషన్ అయ్యాక ఎల్వీ కుడి చెయ్యి భుజం దాటి లేవదు. ప్రతి శనివారం ఆమె వీపు తోమింది ఇర్యానే. మా లూథరన్ చర్చిలో ప్రార్థన గొలుసు ఎల్వీ చేతిలోనే ఉండేది. ఎవరికైనా కష్టం వస్తే ఎల్వీ ఒకరికి ఫోన్ చేస్తుంది, వాళ్ళు ఇంకొకరికి, అలా గంటలో సంఘమంతా మోకాళ్ళ మీద ఉంటుంది. నా ఆపరేషన్ రోజున ఆ గొలుసు నన్ను పట్టి నిలిపిందని ఇప్పటికీ నమ్ముతాను.

ఆ శీతాకాలం కైసా అనే అమ్మాయి కొత్తగా వచ్చింది. మందుల షాపులో పని చేసేది, పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు. కొన్ని వారాలు గొంతు దాకా తువాలు చుట్టుకునే కూర్చుంది. ఎవరూ అడగలేదు. ఒక శనివారం తనే తీసి పక్కన పెట్టింది. ఇర్యా ఏమీ చూడనట్టు, "నీళ్ళు చల్లమంటావా?" అంది.

"చల్లు పిన్నీ," అంది కైసా. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడింది. తను చచ్చిపోతే పిల్లలకు తన గొంతు గుర్తుండదేమోనని.

ఆ రోజు అందరూ వెళ్ళాక ఎల్వీ, నేను మిగిలాం. ఇర్యా పై బల్ల మీద కూర్చుని నేల వైపు చూస్తూ చెప్పింది. "స్కాన్‌లో ఊపిరితిత్తి మీద నీడ కనబడిందట. మళ్ళీ పరీక్షలంటున్నారు. మీ ఇద్దరికే చెబుతున్నాను. ఆ పిల్ల నన్ను చూసే కదా రేపు అనేది ఒకటుందని నమ్మింది. సంగతి తేలేదాకా దానికి తెలియకూడదు."

"నా నోరు దాటదు," అంది ఎల్వీ. ఇర్యా మోకాలి మీద చెయ్యి వేసి మరీ అంది.

రెండు మూడు రోజులకు ఇర్యా వంటింట్లో రొట్టె పిండి జడలా అల్లుతున్నాం. ఫోన్ మోగింది. ఇర్యా చేతుల నిండా పిండి, నేనే స్పీకర్ నొక్కాను. పాత పాస్టరుగారి భార్య మార్తా. చెవులు సరిగా వినబడవు, మనసు మాత్రం పసిపిల్లది. గొలుసులో ఆమె తర్వాత ఇర్యానే, ఇర్యాతో ఆఖరు.

"ఇర్యా, ప్రార్థన గొలుసమ్మా. మన సంఘంలో ఒక సహోదరి. పేరు చెప్పకూడదట. తోటి జబ్బువాళ్ళకు సౌనా వేడి చేసి పెడుతుందట, ఎంత మంచి మనిషో పాపం. ఊపిరితిత్తులు రెండూ పోయాయట. ఈస్టర్ దాకా ఉంటే గొప్పంటున్నారు. వింటున్నావా?"

"వింటున్నాను."

"నీకు ఒంట్లో బాగుందా?"

"బాగుంది మార్తా."

"నీలాంటి గట్టిది అడిగితే దేవుడు కాదనడు. మర్చిపోకేం?"

"ప్రార్థిస్తాను," అంది ఇర్యా.

ఫోన్ పెట్టేశాను. ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. నేను చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపాను.  ఇర్యా సగం అల్లిన జడ పూర్తి చేసి, గుడ్డు పూసి, పొయ్యిలో పెట్టింది. ఆ తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమె అలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రానికి ఎల్వీ వేడి వేడి బంగాళాదుంపల గిన్నె పట్టుకుని వచ్చింది.

"పేరు చెప్పలేదే! ఒట్టు, నీ పేరు ఎత్తలేదు," అంది ఇర్యా ముఖం చూడగానే.

"ఈ ఊళ్ళో జబ్బువాళ్ళకు సౌనా పెట్టేవాళ్ళు ఎంతమంది, ఎల్వీ?"

"ప్రార్థించమని అడగడం కూడా తప్పేనా? నాకు నిద్ర పట్టలేదు ఇర్యా. నువ్వు లేకపోతే నేనేమైపోవాలి?"

"నీ భయం నువ్వు మొయ్యలేకపోయావు. అది నాకూ తెలుసు. దింపుకోవడానికి నా మాటే దొరికిందా?"

ఎల్వీ గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

జనం చెడ్డవాళ్ళు కాదు. మర్నాడు తెల్లారేసరికి ఎవరో చెప్పకుండానే ఆమె మెట్ల మీద మంచు ఊడ్చి పోయారు. గుమ్మంలో సూపు గిన్నెలు, అల్లిన శాలువా. ఇర్యా అన్నిటికీ కృతజ్ఞతలు చెప్పింది. శనివారం కట్టెలూ వెలిగించింది. మేం వెళ్ళాం, కానీ చావింటికి వచ్చినట్టు మెల్లగా అడుగులు వేశాం. కైసా రాలేదు.

ఇర్యా రొట్టె మూట కట్టి, నన్ను కారు తియ్యమంది. కైసా తలుపు సగమే తెరిచింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నేను ఇంకా చావలేదే పిల్లా. ఏమిటో తేలనే లేదు. రావేం?" అంది ఇర్యా.

"నీ మీద బెంగతోనే రాలేదనుకున్నావా పిన్నీ?" అంది కైసా. "నువ్వు చెప్పుకున్నదే బయటికొచ్చింది. మరి నేను నా పిల్లల గురించి చెప్పింది?"

  ఇర్యా రొట్టె ఆ అమ్మాయి చేతుల్లో పెట్టి, చెంప నిమిరి వచ్చేసింది. కారులో నేను దేవుణ్ణి తలుచుకుంటున్నాను. ఆమె కిటికీలోంచి సరస్సు మీద మంచును చూస్తోంది. "దాని మాట బయటికి పోదని అబద్ధమైనా చెప్పలేకపోయాను ఆయిలీ," అంది.

పరీక్షలు అయ్యాయి. నీడ పాత న్యుమోనియా వదిలిన మచ్చట. కేన్సర్ కాదు. ఆదివారం చర్చి వాకిట్లో ఎల్వీ పరుగున వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"చూశావా! అందరం ప్రార్థించబట్టే!"

"అవునే, దేవుడు విన్నాడు," అంది ఇర్యా. "ఆయనకైతే నువ్వు ఒంటరిగా చెప్పినా వినబడేది."

శనివారం మళ్ళీ పొగ లేచింది. కైసా రాలేదు, తర్వాత కూడా రాలేదు. మేం బల్లల మీద కూర్చున్నాం. వాతావరణం గురించి, వెన్న ధర గురించి మాట్లాడుకున్నాం. అవి కూడా అయిపోయాక రాళ్ళ మీద నీళ్ళ చప్పుడు ఒక్కటే మిగిలింది.

ఎల్వీ కింది బల్ల మీద ముడుచుకుని కూర్చుంది. ఇర్యా ఎప్పటిలాగే ఆమె చేతికి చల్లటి తువాలు చుట్టింది. వెనక్కి వచ్చి, సబ్బు నురగ చేసి, మెడ నుంచి నడుము దాకా వీపు తోమింది. కోత మచ్చ దగ్గర చెయ్యి తేలిక చేసింది.

"ఏదైనా మాట్లాడు ఇర్యా," అంది ఎల్వీ, గోడ వైపు చూస్తూ. "తిట్టు, పోనీ."

ఇర్యా చెంబు ముంచి ఎత్తింది.

"నీళ్ళు మరీ వేడిగా లేవు కదా?" అని అడిగి, పోసింది.