పటిక పడని ఎర్రజూలు

ఆ వానాకాలంలో షిగె పటిక వేయడం మరిచిపోయిందా, కావాలనే మానేసిందా? పక్కింట్లో సోయాపాలు విరిచి తోఫు చేసి అమ్మిన కిను అనే ఆవిడకు ముసలితనం వచ్చినా ఈ ప్రశ్న వదల్లేదు.

సేనాధిపతి షోగున్ ఏలిన ఎదో నగరంలో, అసకుసా పేటలో షిగె చామరాలు కట్టేది. చీనా ఓడల్లో నాగసాకి రేవుకు దిగే చమరీ మృగాల తోక వెంట్రుకలు ఆమె చేతికొచ్చేసరికి ముద్దకట్టి కంపుకొడుతుండేవి. వాటిని కడిగి, దువ్వి, బౌద్ధ గురువులు పట్టుకునే చామరాలుగా మార్చేది. మొగుడు పోయాక ఇరవై ఏళ్లుగా అదే పని. ఆ పనితోనే తమ్ముడు సెంకిచిని పెంచింది.

నైరుతి సేనలు షోగున్ కోటను పట్టుకున్న ఏడాది, లొంగని షోగున్ మనుషులు కొందరు ఉఎనో కొండెక్కి కూర్చున్నారు. సెంకిచి వాళ్లలో చేరాడు. సరిగ్గా అప్పుడే నైరుతి సేనల్లోని తోసా దళానికి నాయకుడైన తొకుహిరొ షిగె గుమ్మంలోకొచ్చాడు. భుజాల దాకా వేలాడే ఎర్రజూలు తలకట్టు కావాలన్నాడు. పొగలోనైనా తమ నాయకుడెక్కడున్నాడో సైనికులకు తెలియాలి కదా.

"మూడు రోజుల్లో వస్తా."

"వానల్లో వెంట్రుక ఆరదు దొరా."

"ఆరకపోతే తడిగానే పెట్టుకుంటా. ఎలాగూ తడిసేదేగా."

మర్నాడు మధ్యాహ్నం సెంకిచి గడ్డి గొంగడి కప్పుకుని, తోఫు కొనేవాడిలా వచ్చాడు. గోడ పల్చన. కినుకు అన్నీ వినబడ్డాయి.

"ఏంటక్కా, దెయ్యానికి తల దువ్వుతున్నావా?"

"నోర్ముయ్. ఇంక కొండెక్కకు, ఇక్కడే ఉండిపో."

"ఉండి? నీ పక్కన కూర్చుని దువ్వమంటావా?"

"దువ్వు. చేతులేం అరిగిపోవులే."

అతను నవ్వాడు. "బాగా ఎర్రగా వెయ్యి అక్కా. మేం గురిపెట్టేది దానికే."

చీకటి పడేలోగా మళ్లీ కొండెక్కాడు.

ఎర్రచెక్క రంగులో ముంచేముందు వెంట్రుకను పటిక నీళ్లలో ఉడికించాలి. లేకపోతే రంగు నిలవదు. ఆ రోజు షిగె పొయ్యి మీద పటిక కుండ కనబడలేదు. కిను అడగబోయింది. ఇంతలో తన పొయ్యి మీద సోయాపాలు పొంగాయి, పరుగెత్తింది.

యుద్ధం రోజు కుండపోత. సాయంత్రం కాకముందే కొండ మీద గుడులు తగలబడ్డాయి. రెండు రోజులకు తొకుహిరొ వచ్చాడు. మెడపట్టీ అంతా ఎర్రటి మరక. చేతిలో వెలిసిపోయిన తలకట్టు.

"రంగు మొహమంతా కారింది. తలకు తూటా తగిలిందనుకుని మావాళ్లు వెనక్కి ఈడ్చుకెళ్లారు. నా బదులు కొండ ద్వారం దగ్గరికి వెళ్లినవాడు పోయాడు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు."

షిగె నుదురు నేలకానించింది. అలాగే ఉండి అడిగింది, "కొండ మీదివాళ్లు?"

"మిగిలినవాళ్లు ఉత్తరానికి పారిపోయారు. ఎల్లుండి మేమూ అటే. మళ్లీ రంగు వెయ్యి. ఈసారి పటిక మరిచిపోకు."

సెంకిచి కుంటుకుంటూ ఉత్తరపు బాటన పోతుంటే చూశానని చేపలవాడు ఆ సాయంత్రమే చెప్పాడు.

"బతికే ఉన్నాడుగా షిగెక్కా! తోసా ఆయనా బతికాడు. నీ చేతి చలవే," అంది కిను.

"ద్వారం దగ్గర పోయిన ఆ కుర్రాడికి కూడా అక్క ఉంటుందేమో కినూ," అంది షిగె.

తొకుహిరొ రావలసిన రోజు పొద్దున్నే కిను తోఫు గిన్నెతో వెళ్లింది. తలుపు తీసే ఉంది. వెదురు గడకు తలకట్టు వేలాడుతోంది. ఎరుపు చుక్క కూడా మిగలకుండా కడిగి, చిక్కు లేకుండా దువ్వి ఉంది. చమరీ మృగం ఒంటిమీద ఏ రంగులో ఉండేదో ఆ రంగే. పటిక జాడీ కడిగి బోర్లించి ఉంది. అందులో ముందు ఎంత ఉండేదో ఇక ఎవరికీ తెలియదు. షిగె కొమ్ము దువ్వెన లేదు, గడ్డి చెప్పులు లేవు.

అంత పల్చని గోడ. షిగె వెళ్లిపోయేటప్పుడు అవతలి నుంచి ఒక్క పిలుపైనా రాలేదు.