గోడలో మనిషి పట్టేంత సందు

బండిబాటకు అడ్డంగా గోడ కట్టడం నేను చేసిన మొదటి సర్కారు పని. ఎనభైల మొదట్లో సంగతి. గోరంట్ల అవతలి కొండల్లో ఫారెస్టు వాచరుగా కొత్తగా చేరాను. కట్టెల బండ్లు దిగి దిగి అక్కడి వంకలో నీళ్ళన్నీ బురదయ్యేవి. జింకలు రావడం మానేశాయి, ఎలుగుబంట్లు నీళ్ళ కోసం ఊళ్ళ మీద పడేవి. బాట మూసేయమని ఆర్డరొచ్చింది. "వారంలో వస్తా. గోడలో సందు కనపడిందా, నీ ఉద్యోగం గోవిందా!" అన్నాడు రేంజరు.

వంక పక్కనే నడుమెత్తు రాళ్ళకుప్ప ఉంది. ఎక్కడినుంచో మోయడమెందుకు, ఇవే పేర్చండి అన్నాను. కూలీలు కదల్లేదు.

"ఆ కుప్ప ముట్టగూడదన్నా. దాని కిందుండేది నిండు చూలాలు. ఆసుపత్రికి తీస్కపోతాంటే బండిలోనే పానం పోయినాది, ఈడనే పూడ్చినారు. లేసి ఊర్లేకి రాకుండా, ఈ దావన పోయేటోళ్ళందరూ తలా ఒక రాయి పెడ్తాం."

మాది విడపనకల్లు వైపు నల్లరేగడి, ఇలాంటివి నేనెరగను. "పని ఎగ్గొట్టేదానికి దయ్యాలు కావల్సొచ్చినాయా?" అని కసిరి, రాళ్ళన్నీ నేనే మోశాను. నా మొండితనం అలాంటిది. రెండు రోజుల్లో కుప్ప లేదు, గోడ లేచింది.

మర్నాడు చూస్తే గోడలో సందు. బండి పట్టదు, సరిగ్గా మనిషి పట్టేంత. పూడ్చాను. ఆ మర్నాడూ అంతే, అక్కడే. తీసిన రాళ్ళు పక్కన ఒద్దికగా పేర్చి ఉన్నాయి. కొత్త బండిచాళ్ళు లేవు, మేకల గిట్టల గుర్తులూ లేవు. బండ్లు ఆగిపోయాక అక్కడ ఎంత నిశ్శబ్దమంటే, మిట్టమధ్యాహ్నం నా గుండె నాకే వినిపించేది. వంక తేరింది. జింకలూ వచ్చాయి గానీ, నీళ్ళు తాగుతూ తాగుతూ తలలెత్తి ఆ సందుకేసే చూసేవి. దాచడమెందుకు, భయమేసింది.

రేంజరు వస్తానన్న రోజు, పొద్దు నడినెత్తికి వచ్చే వేళ, టక్కు టక్కుమని రాళ్ళ చప్పుడు. పరుగెత్తాను. ఒక ముసలామె గోడ రాళ్ళు ఊడదీస్తోంది. వేళ్ళన్నీ నెత్తురు.

"ఏందవ్వా ఇది! నా పని పోతాది!" అని అరిచాను.

"అరవద్దప్పా. ఆ కుప్ప కింద ఉండేది నా బిడ్డ." గొంతులో కోపం లేదు. "ఊరంతా రాళ్ళేసి అణిచిపెట్టినారు. భయపడి నేనూ ఏసినా, కన్నతల్లిని. నువ్వు పుణ్యాత్మునివి, బరువంతా దించితివి. ఇంగ ఇంటికొస్తాది. మళ్ళ దావకు గోడెందుకు కడితివి నాయనా?"

అంతలో దూరంగా జీపు చప్పుడు. గబగబా సందులో నిలబడి ఒక రాయి ఎత్తాను. పట్టుమని పది రాళ్ళు పెడితే చాలు, నా కూడు నాకు దక్కుతుంది.

ముసలామె నా భుజం మీదుగా, వంక వైపు ఖాళీ బాటను చూసింది. ముఖమంతా విప్పారింది.

"పక్కకు జరుగప్పా, వస్తాండాది" అంది.

రాయి కింద పెట్టి పక్కకు జరిగాను.