ఓడ మీద అతికించిన కాగితం

చూడని వస్తువు బొమ్మతో అక్షరం నేర్పడం మూఢత్వమని మీరూ అంటారా? నేనన్నాను. బల్ల గుద్ది మరీ అన్నాను.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మెదక్‌లో మేం కొందరం సంస్కరణవాదులం, బీడీలు చుట్టే ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట చదువు చెప్పేవాళ్లం. కోస్తాలో అచ్చయిన అక్షరాల పటం గోడకు వేలాడేది. అందులో ‘ఓ’ పక్కన పొగ వదులుతున్న ఓడ. మా ఊరివాళ్లు చూసిందల్లా చెరువు. పాపన్నపేట వైపు పోతే మంజీర, దాని మీద బుట్టలాంటి పుట్టి ఒకటి. ఓడనెవరు చూశారు?

ఆ బొమ్మ ఎదురుగా రోజూ ఒకావిడ కూర్చునేది. నాకంటే పదేళ్లు పెద్ద. భర్త బొంబాయి రేవులో మూటలు మోసేవాడు. ఆయన ఎవరిచేతనో రాయించి పంపే కార్డులను కిరాణా దుకాణదారు నలుగురి ముందూ గొంతెత్తి చదివేవాడు. వాటిని తానే, తనొక్కతే చదువుకోవాలని ఆమె పట్టుదల.

“గీ అచ్చరమే ఓడ లెక్కున్నది సారూ,” అంది ఒకరోజు. “కింద పొట్ట, మీద పొగ.”

పక్కనున్నామె ఊరుకోలేదు. “సదువుకా నువ్వచ్చేది? మొగన్ని సూడనీకె అస్తవు. గా ఓడల ఏడున్నడో సూపియ్యే!”

“మూటల కింద వడ్డడు, కనిపిస్తలేడు,” అందీమె. గదంతా నవ్వులు.

నేను నవ్వలేదు. ఆ నెల మా చర్చావేదికలో ఓడ మీద గంటసేపు మాట్లాడాను. ఎన్నడూ చూడని ఓడను నమ్మమనడానికీ, దయ్యాన్ని నమ్మమనడానికీ తేడా ఏమిటని నిలదీశాను. చప్పట్లు కొట్టారు. మర్నాడే ఓడ మీద తెల్లకాగితం అతికించి, మా వైపు ఓమ అని పిలిచే వాముగింజలు గీశాను. అవి చీమల్లా వచ్చాయి.

ఆమె లేచొచ్చి కాగితం అంచును గోటితో గీరి చూసింది.

“ఓడేమాయె సారూ?”

“ఓడతోని మనకేం పని అక్కా? ఓమ అందరి ఇండ్లల్ల ఉంటది.”

“ఉంటది. మా ఇంట్ల డబ్బ నిండ ఉన్నది. గది సూడనీకె గీడిదాంక ఎందుకు?”

నేను జవాబు చెప్పాను. ఇరవై నిమిషాలు చెప్పాను. మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. హాజరు పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా ‘శ్రద్ధ లేదు’ అని రాశాను.

రెండేళ్లకు ఏదో సభకని బొంబాయి పోయి రేవు చూశాను. నవ్వొచ్చింది. నీళ్ల మీద ‘ఓ’లు బారులు తీరి ఉన్నాయి. సరుకు నిండినవి పొట్ట నీళ్లలో ముంచి బద్ధకంగా నిలుచున్నాయి. ఖాళీవి పొట్ట బయటపెట్టుకుని సిగ్గులేకుండా ఊగుతున్నాయి. ఒకదాని పొగ గాలికి మెలితిరిగి, కొత్తగా బలపం పట్టినవాళ్ల రాతలా వంకరపోయింది. వాటి మధ్యలోకి పొగలేని చిన్న పడవ ఒకటి దూరింది. అది ‘ఒ’. పెద్ద ఓడ కూత వేసింది. అదీ ‘ఓ’ అనే. ఆమె చెప్పిన ఆనవాలు ఒక్కటీ తప్పలేదు.

అప్పుడు కనిపించారు, ఓడల్లోకి వేసిన చెక్కబల్లల మీదుగా వంగి నడుస్తున్న మనుషులు. మూటల కింద ముఖాలు కనబడటం లేదు. నా నవ్వు ఆగిపోయింది.

తిరిగొచ్చి ఆమె ఇంటికి పోయాను. వాకిట్లో బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది.

“ఓడలు చూసొచ్చిన అక్కా. నువ్వన్నట్టే ఉన్నయి. గా కాగితం పీకేస్త, మళ్ల రా.”

ఆమె కత్తెర ఆపలేదు.

“కార్డు రాక ఏడాదాయె సారూ. ఏడున్నడో ఎరుకలేదు. ఆఖరి కార్డు గుడ దుకాన్లనే సదివిండ్రు. అందరు ఇన్నరు, నేను గుడ ఇన్న. ఇగ నేర్సుకొని ఏం సదవాలె?” తర్వాత తలెత్తి, “కూసోండ్రి, చాయ్ తాగుండ్రి,” అంది.

చాయ్ తాగి వచ్చేశాను.

మీరు ఎవరికైనా చదువు చెబుతుంటే, మధ్యలో మానేసినవాళ్లు మీ హాజరు పుస్తకంలోనూ ఉంటారు. ఇవాళే లేచి వాళ్ల ఇంటికి పోండి. ఎందుకు మానేశారో అడగండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు తెరవకండి.